కుందేలుకు గాయం కాని వల: దారం ఎంపిక నుంచి గూటం కొట్టే దాకా

మూడేళ్ల కిందట మా దొడ్లో కుందేళ్లను గూళ్లలో కాకుండా నేల మీదే పెంచుదామనుకున్నాం. చుట్టూ తాడిపత్రి బండలు నిలువుగా పాతి, పైన రేకులు వేసి, లోపల ఆరు కుందేళ్లను వదిలాం. మాది అనంతపురం జిల్లాలో ఎర్రనేల. వాన పడి మెత్తబడితే పిల్లలు కూడా చేత్తో గుంత తీస్తారు. నాలుగు నెలలు తిరగకముందే కుందేళ్లు బండల కింద నుంచి బొరియ తవ్వి అవతల చెనక్కాయ చేను గట్టు మీద తేలాయి. మొత్తం ఐదు నోళ్లు. సాయంత్రం బయటికొచ్చి చేను మేయడం, మనిషి అలికిడి వింటే లోపలికి దూరడం, ఇదే వాటి పని.

పట్టుకోవాలనే తొందరలో ఇంట్లో మూలన పడి ఉన్న తంగూసు చేపల వల ముక్క ఒకటి బొరియ నోటికి కప్పాను. ఒక ఆడ కుందేలు అందులో పడింది. నేను పరుగెత్తి వెళ్లేలోపే ఆ సన్నటి తంగూసు దాని వెనక కాలి చర్మాన్ని కోసేసింది. కత్తెరతో వలంతా ముక్కలు చేసి బయటికి తీశాను. పుండు మానడానికి మూడు వారాలు పట్టింది. ఆ తప్పు పూర్తిగా నాదే. వల అంటే ఏదో ఒక వల అనుకున్నాను. ఆ తర్వాత శింగనమల చెరువులో చేపలు పట్టే ఒక పెద్దాయన దగ్గర కూర్చుని ముడి నేర్చుకుని, నా వలలు నేనే అల్లుకుంటున్నాను. ఆ పని మొదటి నుంచి చివరి దాకా ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. ఇది పెంపుడు కుందేళ్ల కోసం మాత్రమే. మన చేలల్లో, గుట్టల్లో తిరిగే చెవులపిల్లి వేరే జంతువు. దాన్ని వేటాడటమే కాదు, వల పన్నడం, ఉచ్చు వేయడం కూడా వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం నేరం. పైగా చెవులపిల్లి బొరియ తవ్వదు. గడ్డి దుబ్బుల మధ్య నేలను కాస్త పల్లం చేసుకుని పడుకుంటుంది. దాని పిల్లలు బొచ్చుతో, తెరిచిన కళ్లతో పుడతాయి. ఫారాల్లో పెంచే న్యూజిలాండ్ వైట్, సోవియట్ చించిల్లా లాంటివన్నీ యూరప్ కుందేలు సంతతి. వాటి పిల్లలు బొచ్చు లేకుండా, కళ్లు మూసుకుని పుడతాయి. అందుకే తల్లికి బొరియ కావాలి. తవ్వడం వాటి రక్తంలోనే ఉంది. ఇక్కడ చెప్పే సంచి వల ఆ బొరియ నోటి కోసమే.

సంచి వల పనితీరు

మూడున్నర అడుగుల పొడవు వల. రెండు కొసల్లో రెండు ఇనుప రింగులు. రెండు అంచుల కన్నుల (వల రంధ్రాల) గుండా ఒక జారుతాడు. ఆ తాడు కొసలు నేలలో కొట్టిన గూటానికి కట్టి ఉంటాయి. కుందేలు బొరియలోంచి బయటికి దూకి వల మధ్యలో తగలగానే, దాని ఊపుకే వల ముందుకు సాగుతుంది. తాడు గూటం దగ్గర ఆగిపోతుంది కాబట్టి అంచులు దగ్గరికి జారి సంచి మూతి మూసుకున్నట్టు మూసుకుంటాయి. కుందేలు వలకు చిక్కుకోవడం కాదు, సంచిలో పడటం ఇక్కడ జరగాల్సింది. దారం, ముడి, కన్ను కొలత, అన్నీ ఆ తేడాను నిలబెట్టడానికే.

దారం

అన్నిటికంటే ఎక్కువ సమయం దీని మీదే పెట్టండి. అల్లే చేతి పని ఎంత బాగున్నా దారం తప్పైతే జంతువుకు దెబ్బ తగులుతుంది.

తంగూసు వద్దు, ఎంత లావుదైనా వద్దు. ఒకే పోగుగా ఉంటుంది కాబట్టి బరువంతా సన్నటి గీత మీద పడి చర్మాన్ని కోస్తుంది. ముడి కూడా జారుతుంది. గాలిపటాల మాంజా, ఇనుప తీగ గురించి చెప్పే పని లేదు, వాటిని దగ్గరికే రానివ్వకండి.

నీలం, పచ్చ రంగుల్లో దొరికే ప్లాస్టిక్ తాడు చౌక. బరువులు కట్టడానికి బాగానే ఉంటుంది. కానీ బిరుసు ఎక్కువ, ముడి బిగించి వదిలితే మెల్లగా విచ్చుకుంటుంది. నేల మీద పరిస్తే వల ఒదగదు, ముళ్లపందిలా లేచి నిలబడుతుంది. గోనెసంచులు కుట్టే పురికొస అందరి ఇంట్లోనూ ఉంటుంది. ముడి వేయడం నేర్చుకోవడానికి అది చాలు, నేను కూడా దాంతోనే నేర్చుకున్నాను. అసలు వలకు మాత్రం పనికిరాదు. తడిస్తే కుళ్లుతుంది, పెద్ద కుందేలు ఒక్కసారి తన్నితే తెగుతుంది.

ఇక పనికొచ్చేవి మూడు.

మొదటిది పేటలు వేసి పురిపెట్టిన నైలాన్ దారం. చేపల వలల సామాన్లు అమ్మే కొట్టులో దొరుకుతుంది. ఉండ మీద 210/6/3 లాంటి అంకెలు ఉంటాయి. 210 అంటే ఒక్కో పోగు మందం, డెనియర్లలో. 9000 మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. ఆరేసి పోగులతో ఒక పేట, అలాంటి మూడు పేటలు కలిపి పురిపెడితే ఈ దారం. మొత్తం 18 పోగులు. సంచి వలకు ఇదే సరిపోతుంది, మందం ఒక మిల్లీమీటరు చుట్టుపక్కల ఉంటుంది. 210/8/3 అయితే ఇంకా మెత్తగా పట్టు దొరుకుతుంది, పెద్ద జాతులకు అది మేలు. 210/2/3 దాకా దిగకండి. తెగకపోయినా సన్నదనం వల్ల కోస్తుంది. నైలాన్ నీళ్లకు కుళ్లదు, సాగుతుంది కాబట్టి కుందేలు తన్నిన ఊపును కొంత తనలోకి తీసుకుంటుంది. ఎండ మాత్రం దానికి శత్రువు. మన ఎండలకు ఏడాది పాటు బయట వేలాడదీసిన నైలాన్ వలను చేత్తో గుంజి చూడండి, దారం పైన తెల్లటి నూగు లేచి పుటుక్కున తెగుతుంది.

రెండోది నూలు దారం. చేతికి, చర్మానికి ఇంత హాయిగా ఉండేది ఇంకోటి లేదు. ముడి ఒక్కసారి వేస్తే కదలదు. తడిస్తే నూలు బలం తగ్గదు, ఇంకా పెరుగుతుంది. సమస్యల్లా తడిసిన తర్వాత ఆరకపోతేనే, బూజు పట్టి కుళ్లుతుంది. నైలాన్ రాకముందు చేపలు పట్టేవాళ్లు నూలు, జనుము వలలను చెట్ల చెక్క కషాయంలో నానబెట్టేవాళ్లు. ఆ వగరే దారాన్ని కాపాడుతుంది. తుమ్మ చెక్క గానీ తంగేడు చెక్క గానీ దంచి, నీళ్లలో మరిగించి, చల్లారాక వలను ఒక రాత్రి ముంచి నీడలో ఆరబెట్టండి. ఎర్రనేలకు సరిపోయే రంగు కూడా వస్తుంది.

మూడోది జనుప నార. పచ్చిరొట్టకు జనుము చల్లే రైతులకు ఆ మొక్క తెలిసిందే. ముదరనిచ్చి కోసి, నీళ్లలో నానబెట్టి, నార ఒలిచి, దాన్ని పురిపెడితే గట్టి దారం వస్తుంది. గుర్తుంచుకోండి, చేత్తో పురిపెట్టిన దారం ఒకచోట లావు, ఒకచోట సన్నం ఉంటే సన్నగా ఉన్న చోటే తెగుతుంది. కిత్తనార మోకులకు, పగ్గాలకు మంచిది కానీ గరుకు. కుందేలు వలకు వద్దు.

కొట్టులో దారం కొనేటప్పుడు నేను చేసే పని ఇది. ఒక జానెడు దారం తీసుకుని కొస విప్పుతాను. పేటలు వదులుగా, దూదిలా విడిపోతే పురి తక్కువ, అలాంటిది అల్లేటప్పుడు గోళ్లకు, గరుకు చేతులకు తగులుకుంటుంది. తర్వాత దారాన్ని రెండు చేతుల మధ్య వదులుగా పట్టుకుని చేతులు దగ్గరికి తెస్తాను. వెంటనే మెలికలు తిరిగి చుట్టుకుంటే పురి మరీ ఎక్కువ, వల అల్లుతుంటే ప్రతి కన్నూ మెలిపడుతుంది. ఈ రెండింటి మధ్య ఉన్నది కొనండి. చివరిగా దారాన్ని మోచేతి లోపలి వైపు గట్టిగా ఒత్తి లాగి చూడండి. మీ చర్మానికి మంట పుడితే కుందేలుకూ పుడుతుంది.

ఎంత దారం కావాలి? నేను అల్లేది 18 కన్నుల వెడల్పు, 21 వరుసల వల. అంటే 378 ముడులు. ఒక్కో కన్నుకు పది సెంటీమీటర్లు, ముడికి ఇంకో నాలుగు పోతాయి. 53 మీటర్లు అయింది. అతుకులకు, పొరపాట్లకు కలిపి 60 మీటర్లు పక్కన పెట్టుకోండి. 210/6/3 నైలాన్‌లో 60 మీటర్లు పాతిక గ్రాములకు కాస్త ఎక్కువ తూగుతుంది. 100 గ్రాముల ఉండ మూడు వలలకు వస్తుంది.

పనిముట్లు

రెండే. వల సూది, కొలత బద్ద.

సూది ప్లాస్టిక్‌ది కొట్టులో దొరుకుతుంది. ఎండు వెదురుతో చేసుకున్నది చేతికి ఇంకా బాగా ఒదుగుతుంది. జానెడు పొడవు, బొటనవేలు వెడల్పు, ఒక కొస మొనగా ఉండాలి. మొన కింద లోపల ఒక నాలుక చెక్కాలి, రెండో కొసలో ఒక గంటు. దారాన్ని నాలుక చుట్టూ తిప్పి, కిందికి తెచ్చి, గంటులోంచి పోనిచ్చి, సూదిని తిరగేసి, ఈ వైపు నుంచి మళ్లీ నాలుకకు. ఇలాగే నిండేదాకా. మరీ నింపకండి, ఉబ్బిన సూది కన్నులోంచి దూరదు.

బద్ద రెండు అంగుళాల వెడల్పు, జానెడు పొడవు. బద్ద ఎంత వెడల్పో ముడికీ ముడికీ మధ్య దూరం అంతే వస్తుంది. ఎదిగిన కుందేలుకు రెండు అంగుళాలు సరైన కొలత. అంతకంటే పెద్దదైతే తల, భుజాలు దూరి మెడకు బిగుసుకుంటుంది. చిన్నదైతే వల బరువెక్కి చురుగ్గా మూసుకోదు. బద్ద అంచులను గరుకు కాగితంతో రుద్ది, కాస్త కొబ్బరినూనె పట్టించండి. పనంతా దాని మీద జారుతూనే జరుగుతుంది.

మొదటి వరుస

ఒక మీటరు గట్టి తాడును కిటికీ ఊచకు అడ్డంగా కట్టండి, ఛాతీ ఎత్తులో. సూది దారం కొసను ఆ తాడుకు ఎడమ వైపు ముడేయండి. బద్దను తాడు కిందే ఆనించి పట్టుకుని, దారాన్ని బద్ద ముందు నుంచి కిందికి, వెనక నుంచి పైకి తెచ్చి, తాడుకు రెండు చుట్లు వేసి బిగించండి. ఒక కన్ను అయింది. ఇలా 18. బద్ద నిండితే ఎడమ వైపు కన్నులు జారవిడుస్తూ పోండి. తర్వాత ఈ తాడును తీసేయక్కర్లేదు, అదే రింగుకు కట్టే తాడు అవుతుంది.

ముడి

ధర్మవరం మగ్గాల మీద పోగు తెగితే నేతగాళ్లు క్షణంలో వేసే ముడి, వల ముడి, రెండూ ఒకటే. అక్కడ రెండు కొసలు కలుపుతారు, ఇక్కడ ఒక కన్ను అడుగును ఇంకో దారంతో కట్టేస్తారు.

వరుస పూర్తయ్యాక వలను తిరగేయండి. అప్పుడు మళ్లీ ఎడమ నుంచి కుడికే అల్లుతారు. ఎడమ చేతిలో బద్దను పై వరుస కన్ను కింద పట్టుకోండి. దారాన్ని బద్ద ముందు నుంచి కిందికి, వెనక నుంచి పైకి తెచ్చి, సూదిని పై కన్నులోకి వెనక నుంచి ముందుకు దూర్చండి. దారం కిందికి లాగితే కన్ను అడుగు భాగం దిగొచ్చి బద్ద పై అంచుకు ఆనుతుంది. సరిగ్గా అక్కడ ఎడమ బొటనవేలితో నొక్కి పట్టండి. ఆ వేలు ఇక కదలకూడదు.

ఇప్పుడు చేతిలో ఉన్న దారాన్ని ఎడమ వైపుకు విసరండి, అది కన్ను ముందు భాగంలో ఒక ఉంగరంలా పడాలి. సూదిని కుడి నుంచి ఎడమకు, కన్ను రెండు కాళ్ల (రెండు పక్కల దారాల) వెనక నుంచి పోనిచ్చి, ఆ ఉంగరంలోంచి ముందుకు తీయండి. బొటనవేలు తీయకుండానే దారం గుంజండి. బొటనవేలికి కాస్త పైన, కన్ను మెడ చుట్టూ ముడి బిగుస్తుంది.

ఎక్కువమందికి తప్పు జరిగేది ఈ ఒక్క చోటే. గుంజేటప్పుడు వేలు వదులైతే ఉంగరం కన్ను అడుగు నుంచి కిందికి జారి, ముడి తలకిందులై జారుముడి అవుతుంది. చూపుకు రెండూ ఒకేలా ఉంటాయి. అందుకే ప్రతి ముడి తర్వాత కన్ను రెండు కాళ్లనూ పక్కలకు గుంజి చూడండి. కదిలితే విప్పి మళ్లీ వేయండి. జారుముడి ఒక్కటి ఉన్నా చాలు, కుందేలు కాలు దాంట్లో పడితే ఉచ్చులా బిగుస్తుంది. వలలోని 378 ముడుల్లో ఒక్కటి కూడా జారకూడదు అన్నది నా పట్టుదల, మీకూ అది ఉండాలి.

నూలుకు ఈ ఒక్క ముడి చాలు. నైలాన్‌కు సూదిని కన్ను కాళ్ల వెనక నుంచి ఇంకోసారి తిప్పి రెండో చుట్టు వేయండి. కొందరు ముడులను నిప్పుతో కాలుస్తారు. దారం మధ్యలో అలా చేయొద్దు, కరిగిన చోట గట్టి కొన ఏర్పడి గీరుకుంటుంది. కొసల దగ్గర మాత్రం కాల్చి, వేడిగా ఉండగానే తడి గుడ్డతో నొక్కి గుండ్రంగా చేయండి.

మొదటి రోజు ఒక వరుసకు అరగంట పడితే కంగారు పడకండి. మూడో వలకు చేయి తనంతట తానే వెళుతుంది. సూదిలో దారం అయిపోతే అతుకు కూడా ఇదే ముడితో, వరుస అంచున వేయండి.

ముగింపు వరుస, రింగులు, జారుతాడు

21 వరుసలయ్యాక వల సాగదీస్తే మూడున్నర అడుగులు వస్తుంది. చివరి వరుస 18 కన్నుల గుండా జానెడు గట్టి తాడు దూర్చి, గుత్తిలా దగ్గరికి లాగి రింగుకు కట్టండి. మొదలుపెట్టిన వైపు తాడునూ అలాగే గుంజి రెండో రింగుకు. రింగు రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దది, అతుకు దగ్గర గరుకు లేనిది చూసుకోండి. పశువుల తాళ్లకు వాడే రింగులు అమ్మే కొట్టులో దొరుకుతాయి.

జారుతాడుకు అల్లిక నైలాన్ తాడు, నాలుగు మిల్లీమీటర్లది, పది అడుగులు. పురితాడు వద్దు, అది మెలిపడి కన్నుల్లో ఇరుక్కుంటుంది. పై రింగులోంచి దూర్చి, ఒక అంచు కన్నుల గుండా ఒకదాని తర్వాత ఒకటిగా కిందికి, కింద రింగులోంచి అవతలికి, రెండో అంచు కన్నుల గుండా పైకి, మళ్లీ పై రింగులోంచి బయటికి. రెండు కొసలూ కలిపి గూటానికి కట్టండి. గూటం వేపది గానీ తుమ్మది గానీ, ఎర్రనేలలో జానెడు చాలు. కడప వైపు నల్లరేగడిలో వాన పడితే అది ఊడొస్తుంది, మూరెడు పెట్టండి.

నేల మీద వల పరిచి, గూటం తొక్కిపట్టి, ఒలిచిన కొబ్బరికాయను మధ్యలోకి దొర్లించి వల కింద నుంచి ఎత్తి తోయండి. కాయ చుట్టూ మూతి మూసుకుని, కాయ కింద పడకుండా ఉండాలి. ఎక్కడైనా ఆగితే తాడు ఒక కన్ను తప్పిందన్నమాట.

బొరియ దగ్గర

ముందు నోళ్లన్నీ వెతకండి. ఒక్కటి తప్పినా కుందేలు అక్కడి నుంచే పోతుంది. నోటి చుట్టూ ముళ్లు, పుల్లలు ఊడ్చేయండి. కింద రింగును నోటి అడుగు పెదవి మీద, పై రింగును పైన పెట్టి, వలను మధ్యలో వదులుగా కప్పి, పై వైపున గూటం కొట్టండి. బిగుతుగా పరిచిన వల నుంచి కుందేలు బంతిలా వెనక్కి తిరుగుతుంది. వదులే దాని పని చేస్తుంది.

తెల్లవారుజామున లేదా పొద్దుగూకేటప్పుడు మాత్రమే పెట్టండి. కుందేలు ఎండకు తట్టుకోలేదు, చెమట పట్టదు, వేడిని చెవుల ద్వారానే ఎక్కువగా వదులుతుంది. మన ఏప్రిల్ ఎండలో పది నిమిషాలు వలలో గింజుకుంటే ప్రాణమే పోవచ్చు. చేరువలో లేత సుబాబుల్ కొమ్మలో, లూసర్న్ గడ్డో పెట్టి, గాలికి ఎదురుగా కదలకుండా కూర్చోండి. పొగ పెట్టకండి. లోపల పిల్లలుంటే ఊపిరాడక చస్తాయి. కుక్కను తోలకండి. ఒక ఆడ కుందేలు బొచ్చు పీక్కుని గడ్డి నోట కరుచుకుని లోపలికి వెళ్లడం చూస్తే ఈత దగ్గరపడిందని అర్థం, దాన్ని వదిలేసి పిల్లలు బయటికొచ్చేదాకా ఆగండి.

వల పెట్టి ఇంటికి పోవడం, పొద్దున వచ్చి చూద్దామనుకోవడం ఎప్పుడూ చేయకండి. మీరు అక్కడ ఉన్నంతసేపే వల అక్కడ ఉండాలి.

పడగానే వెళ్లి, వల పైనే ఒక గోనెసంచి కప్పండి, చీకటైతే గింజుకోవడం తగ్గుతుంది. చెవులు పట్టి ఎత్తకండి. ఒక చేత్తో మెడ మీద వదులు చర్మం పట్టుకుని, రెండో చేయి వెనక కాళ్ల కింద పెట్టి, బరువంతా ఆ చేతి మీద వేసి ఛాతీకి ఆనించుకోండి. వెనక కాళ్లు గాల్లో వేలాడితే బలంగా తన్ని తన నడుము తానే విరగ్గొట్టుకుంటుంది. మూతి తాడు వదులు చేసి, వెనక కాళ్లు ముందు విడిపించి, తల చివర తీయండి.

ఐదు నోళ్లకు ఐదు వలలతో మిగతా ఐదు కుందేళ్లనూ నాలుగు సాయంత్రాల్లో పట్టుకున్నాం. ఒక్కదానికీ గీత పడలేదు. ఆ తర్వాత బండల కింద అడుగున్నర లోతున జల్లెడ ఇనుప వల పాతి అందులోకే వదిలాం.

దాచడం, బాగుచేయడం

మట్టి విదిలించి, నీళ్లలో జాడించి, నీడలో ఆరబెట్టండి. రెండు రింగులూ ఒకచోట పట్టుకుని, వలను కిందికి వేలాడదీసి, జారుతాడుతో చుట్టి, గూటంతోనే దూలానికి తగిలించండి. చెనక్కాయ మూటల దగ్గర పెడితే ఎలుకలు వలను కూడా కొరుకుతాయి.

ఒక కన్ను తెగితే రంధ్రం చుట్టూ కత్తిరించి శుభ్రం చేయాలి. మామూలుగా ప్రతి ముడికీ నాలుగు కాళ్లుంటాయి. పైన మూడు కాళ్ల ముడి ఒకటి, కింద మూడు కాళ్ల ముడి ఒకటి మిగిలేలా కత్తిరించండి, మధ్యలోవన్నీ రెండు కాళ్లవే ఉండాలి. పై మూడు కాళ్ల ముడి దగ్గర కొత్త దారం మొదలుపెట్టి, బద్ద లేకుండా పక్క కన్ను కొలతకు చూసుకుంటూ, వరుస వరుసగా దిగి, కింది మూడు కాళ్ల ముడి దగ్గర ఆపితే రంధ్రం పూర్తిగా పూడుతుంది.